కట్టె తినే చేపకు క్యాను నీళ్లు

తీసుకోనంటే ఎట్లప్పా అంజినప్పా? అమ్మేటప్పుడు నవ్వుకుంటా అమ్మితివి, ఇప్పుడు వెనక్కి తెస్తే 'అమ్మిన చేప వాపసు లేదక్కా' అంటాండావు. నేనేమన్నా దుడ్లు తిరిగియ్యమంటినా? ఉత్తగనే పెట్టుకో. ఆ మూలన ఖాళీ తొట్టి ఉండాది కదా, దాంట్లో వేసుకో. దాని కట్టె కూడా తెచ్చినా, ఇదో, తడిబట్టలో చుట్టి.

ధర్మవరం నుంచి ఈ హిందూపురం దాకా ఈ డబ్బా ఒళ్లో పెట్టుకోని కూచున్నా ప్యాసింజర్లో. పెనుకొండలో క్రాసింగని ముప్పావు గంట నిలిపినాడు. రైలుపెట్టె పెనం మాదిరి కాలతాంటే మూత తీసి తీసి చూసుకుంటా, ఊపిరి ఆడతాండాదా లేదా అని. ఎదురుగా ఒక అవ్వ. 'ఏముందమ్మా దాంట్లో, బిడ్డను పట్టుకున్నట్ల పట్టుకున్నావు' అనింది. చేపవ్వా అన్నా. 'కూరకా?' అనింది. కాదు, సాకేది అన్నా. నన్ను కింద నుంచి మీద దాకా ఒకసారి చూసి, మొగం తిప్పి కొండ దిక్కు చూసుకుంటా కూచునింది.

చావలేదులేప్పా. చూడు కావాలంటే. బాగుండాది. ఒళ్లు పట్టింది కూడా. అది బాగుండాదనే కదా ఇంత దూరం తెచ్చింది! చచ్చింటే తెచ్చే పనే లేకపాయె.

ఏమంటే... చెప్తా. ఉండు. కొంచెం నీళ్లిస్తావా?

ఇవి క్యానువేనా? ఆఁ. ఇయ్యి.

నీకు గుర్తుండాదో లేదో, రెండేండ్ల కిందట మా ఆయప్పతో వచ్చినా నీ అంగడికి. ఎవరో వాస్తు చూసేటాయన చెప్పినాడంట, ఈశాన్యం మూల చేపల తొట్టి పెడితే వ్యాపారం లేస్తాదని. మాది పట్టునూలుకు రంగులేసే పని. ఇంటి వెనకాలే యూనిట్. ఆరు ఎర్ర చేపలు కొన్నాడు. నెల తిరిగేలోపల ఆరూ తేలినాయి. ఆయప్పకు బాధ లేదు. ఖాళీ తొట్టిని చూస్తా చూస్తా నాకే మనసు ఒక మాదిరి అయ్యి, రెండోసారి ఒక్కదాన్నే వచ్చినా. అప్పుడు చూపిస్తివి దీన్ని. నాలుగు వేళ్లంత పొడుగు లేదు, నల్లటి ఒంటిమీద పసుపు చారలు. నోరేమో కింద పక్క, గిన్నె బోర్లించినట్ల. 'ఇది కట్టె తినే చేపక్కా' అంటివి.

నేను నమ్మలేదు. చేప కట్టె తినేదేందప్పా, చెద పురుగా?

నువ్వే నేర్పిస్తివి అంతా. తొట్టిలో కట్టె ఎప్పుడూ ఉండాల, లేకుంటే దానికి అరగదు. జామకట్టె ఎండబెట్టి, తొక్క తీసి, ఉడకబెట్టి మునగేసి పెట్టు. దోసకాయ ముక్క, సొరకాయ ముక్క వెయ్యి, మిగిలింది తెల్లారి తీసెయ్యి. వారానికి మూడో వంతు నీళ్లు మార్చు. బోరు నీళ్లయితే ఒక దినం డ్రమ్ములో నిలబెట్టి పొయ్యి. అన్నీ చేసినా. ఒక్క వారం తప్పలేదు. మొగునికి టైముకు అన్నం పెట్టినానో లేదో గానీ, దీనికి నీళ్లు మార్చేది మానలేదు.

మధ్యాన్నం అందరూ యూనిట్లోకి పోతే హాల్లో కర్టెన్ వేసుకోని కూచునేదాన్ని. చీకటయిందనుకోని అది బయటికొచ్చేది. కట్టెను పట్టుకోని గర్... గర్... అని గీకేది. గాజుకు చెవి పెడితే వినిపిస్తాది. కింద సన్నగా రంపప్పొడి రాలినట్ల పడేది. నవ్వొచ్చేది నాకు. ఎవరికీ అడ్డం రాదు, ఎవర్నీ ఏమీ అడగదు. ఒక కట్టె, కొంచెం తేట నీళ్లు. అంతే కదప్పా దాని బతుకు.

పాపకు కూడా ఇదంటే పానం.

ఏ పాపా అంటే, మా వెనక పోర్షన్లో ఉంటారు, కావ్య, సురేంద్ర. వాళ్ల పాప. రెండున్నరేండ్లు. రొళ్ల దిక్కు నుంచి పనికని వచ్చినారు. సురేంద్ర మా యూనిట్లోనే, రంగు అండాల కాడ. కావ్య మంచి పిల్ల, నన్ను లతక్కా లతక్కా అని వెంటబడి తిరిగేది. పాప పొద్దున లేస్తానే మా హాల్లోకి పరిగెత్తుకోనొచ్చి, గాజుకు ముక్కు ఆనించి 'కట్టె మామా! రా!' అని పిలిచేది. దోసకాయ ముక్క దాని చేత్తోనే వేయించేదాన్ని.

ఇంగ వినప్పా. నువ్వు మధ్యలో ఏమీ అడగొద్దు. అడిగితే నేను లేచిపోతా.

పోయిన ఫిబ్రవరిలో వీధిలో గొడవయింది. కాలవలో ఒకరోజు ఎర్రనీళ్లు, ఒకరోజు పచ్చనీళ్లు, పిల్లోళ్లు కాళ్లు పెడతాండారు, కంపు అని. నోటీసు కూడా వచ్చింది. మా ఆయప్ప వారం దినాలు యూనిట్ మూసినాడు. మూసి ఏం చేసినాడంటే, పెరట్లో ఎండిపోయిన పాత బోరు ఒకటుండాది, ఆరొందల అడుగులు, పదేండ్లాయ నీళ్లు పడక. దాంట్లోకి రంగునీళ్ల పైపు వేయించినాడు. కాలవలో చుక్క రంగు లేదు. వీధిలో వాళ్లంతా మెచ్చుకున్నారు. 'భూమితల్లి అంతా తాగేస్తాది' అన్నాడు నాతో.

మేమూ కావ్యవాళ్లూ వాడే కొత్త బోరు దానికి ముప్పై అడుగుల్లో ఉండాది.

నాకు అప్పుడు తట్టలేదప్పా. నిజ్జంగా తట్టలేదు. ఇంతవరకు నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

ఏప్రిల్లో ఒకరోజు నీళ్లు మార్చి, లైటు వేసి చూస్తే ఇది పైకొచ్చి ఉండాది. పట్టపగలు! ఫిల్టరు నీళ్లు పడే కాడ గాజుకు నోరు అతికించుకోని, చెంపలు ఎగేస్తా ఉండాది. ఆయాసమొచ్చిన ముసలోళ్ల మాదిరి. సొరకాయ ముట్టలేదు. కట్టె తావకే పోలేదు. సరే ఎండలు కదా అనుకున్నా. రెండు దినాలకు తేరుకునింది. మళ్లా వారం నీళ్లు మారిస్తే మళ్లా అదే. ఇంకో వారం, మళ్లా అదే.

అప్పుడు చూసినా కట్టెను. కొత్తగా వేసిన జామకట్టె, తొక్క తీసింది, తెల్లగా ఉండాల కదా? చివర్లన్నీ గులాబీ రంగు తిరిగినాయి. లేతగా. పట్టునూలు మొదటి ముంపు ముంచి ఎత్తితే ఎట్లుంటాదో అట్ల. పద్దెనిమిదేండ్లుగా ఆ రంగులు చూస్తాండే దాన్ని నేను, నాకొకరు చెప్పాల్నా?

సీసాలో నీళ్లు పట్టుకోని నీ తావకు పరిగెత్తినా. నువ్వు చుక్కలేసినావు, కాగితం ముంచినావు, ఇంకోసారి ముంచినావు. 'ఈ కాగితానికి అన్నీ తెలీవక్కా, పెద్ద ల్యాబులో ఇచ్చి చూపించు' అన్నావు. మళ్లా సీసా ఎత్తి వెలుగులో పట్టి చూసి అడిగినావు, 'అక్కా, ఈ నీళ్లు ఎవరన్నా తాగతాండారా?' అని.

నేనేమన్నా?

'లేదప్పా, తాగేదానికి క్యానే తెప్పించుకుంటాం' అన్నా.

ఆ పొద్దున అదే నీళ్లతో కాఫీ తాగి రైలెక్కినా నేను. ఎందుకట్ల అన్నానో ఇప్పటికీ తెల్దు. నువ్వు అడిగిన తీరుకు సిగ్గేసింది. నా ఇంటి నీళ్లు చెడ్డవని ఎవరో బయటోళ్ల నోట వినేదానికి.

అబద్ధం నిజం చేసినా లే. మర్సనాడే క్యాన్లు పెట్టించినా. వంటకు, తాగేదానికి, చేపకు. ఉత్త క్యాను నీళ్లలో చేపకు కావాల్సిన సారం ఉండదని నువ్వు చెప్పినట్లే నాలుగు గవ్వలు వేసి, క్యాను నీళ్లు నిలబెట్టి పోసినా. మూడో వారానికి ఇది కట్టె కింద దూరింది. గర్... గర్... మళ్లా మొదలుపెట్టింది. ఎంత సంతోషమయిందో నాకు!

ఆయప్పకు చెప్పినా. చెప్పకుండా ఎట్లుంటా? కట్టె తీసి చేతిలో పెట్టినా, ఇదీ సంగతి, ఆ పైపు తీసెయ్ అన్నా. కట్టెను అటు ఇటు తిప్పి చూసినాడు. 'ఒక చేప ఆయాసపడిందని యూనిట్ మూసుకోవాల్నా?' అన్నాడు. 'పద్దెనిమిది మంది కూడు తింటాండారు దీనిమీద. బయట నోరు తెరిచినావంటే వాళ్లందరి కూట్లో మన్ను పోసినదానివి అవుతావు.' అని కట్టె టేబుల్ మీద పెట్టి స్నానానికి పోయినాడు. బోంచేసేటప్పుడు గ్లాసులో క్యాను నీళ్లు పోసినా. తాగినాడు. ఆ దినం నుంచి అవే తాగినాడు. ఎందుకు తెప్పిస్తాండావని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడగలేదప్పా నన్ను.

అప్పుడు నాకు భయమేసింది. ఆయన్ని చూసి కాదు. మేమిద్దరం ఒకటే మాదిరి అయినామే అని.

కావ్య అడిగింది. ఆ పిల్ల ఊరికే ఉంటాదా! 'లతక్కా, ఏమి క్యాన్లు తెప్పిస్తాండావు? నాకూ నీళ్లు ఒక మాదిరి వాసన కొడతాండాయి, మోటరులో ఆయిలు కలిసిందేమో' అనింది. నాలుక చివర దాకా వచ్చిందప్పా. చెప్పేదాన్నే. పెరటి గడప కాడ ఆయప్ప నిలబడి పళ్లు తోముకుంటా ఉండాడు.

'చేపకులేమ్మే' అన్నా.

నవ్వింది. పడీ పడీ నవ్వింది. 'చేపకు క్యాను నీళ్లా! మా లతక్క చేపకు ఉండే యోగం మాకు లేకపాయనే!' అని వీధంతా చెప్పింది. వీధిలో పోతాంటే అందరూ నన్ను చూసి నవ్వేది. నేనూ నవ్వినా.

అయినా నేను అంత రాక్షసిని కాదప్పా. ఒకరోజు పొద్దున క్యాన్లు వస్తే, ఒకటి తీసుకపోయి వాళ్ల గడప ముందర పెట్టి వచ్చినా. చెప్పకుండా. పెట్టి కిటికీలో నుంచి చూస్తాండా. కావ్య బయటికొచ్చింది. చూసింది. ఎత్తి నడుమ్మీద పెట్టుకోని, 'అక్కా, నీ క్యాను మా గడప కాడ మర్చిపోయినాడు చూడు ఆ క్యాన్లాయన' అని తెచ్చి నా వంటింట్లో దించి పోయింది. పాప వెనకాలే, కొంగు పట్టుకోని.

'మీకేమ్మే' అని ఒక్క మాట. దానికి ఆయాసమెందుకు రావాల? రాలేదు ఆ మాట. 'ఆఁ, పెట్టు' అన్నా.

పాప మా ఇంటికొచ్చినప్పుడు మాత్రం క్యాను నీళ్లే ఇచ్చేదాన్ని. గటగటా తాగేది. నా ఇంట్లో ఉన్నంతసేపూ దానికి నేను మేలే చేసినా అని తృప్తి పడేదాన్ని. ఎంత సేపుంటాది? గంట. మిగతా ఇరవై మూడు గంటలు?

జూలైలో వాంతులు మొదలాయ. గ్యాసన్నారు, దిష్టన్నారు. యల్లక్కని మా వీధిలో ఒకామె, తాయెత్తు కట్టింది. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నారు. ఆగస్టులో ఒకరోజు పొద్దున పాప పరిగెత్తి రాలేదు. పోయి చూస్తే కండ్ల కింద ఉబ్బి ఉండాది. మొగమంతా పొంగి, ముద్దుగా, పాలు తాగి పడుకున్న బిడ్డ మాదిరి. కావ్య 'ఒళ్లు చేసిందక్కా' అని సంతోషపడతాండాది. నేను దాని కాలిమీద వేలు పెట్టి నొక్కినా. గుంట పడింది. పడి అట్లే ఉండాది.

ఈడ హిందూపురంలో చూపించినారు. ఈడి డాక్టరు చూసిందే ఆలస్యం బెంగుళూరుకు రాసిచ్చినాడు. మూత్రపిండాలంట. పోయేటప్పుడు దావలో తాగేదానికని నేను రెండు బాటిళ్లు క్యాను నీళ్లు పట్టిచ్చినా. కావ్య నా రెండు చేతులు పట్టుకోని ఏడ్చింది. 'కన్నతల్లి కూడా ఇంత చూడదక్కా' అనింది.

ఏమప్పా, ఆ మాట విని కూడా నేను నిలబడే ఉన్నా. నాకే ఆశ్చర్యం.

ఆడ చేరిన నాలుగో దినం ఫోన్. కావ్యే. 'అక్కా, ఈడ డాక్టరమ్మ తాగే నీళ్లేవి అని అడుగుతాండాది. టెస్టుకు ఒక సీసా తెమ్మనింది. సురేంద్ర రైలుకు వస్తాండాడు, వెంటనే తిరుగు రైలుకు పోవాల. మన కొళాయి నీళ్లు ఒక సీసా పట్టి పెట్టక్కా, ఆయన వచ్చేతలికి' అని.

ఆయప్ప ఇంట్లో లేడు. ధర్మవరంలోనే లేడు, నూలు కోసం పోయినాడు. నన్ను ఆపే మనిషి ఎవరూ లేరు. అది నువ్వు గుర్తు పెట్టుకోవాల.

సీసా కడిగినా. వేడినీళ్లతో, రెండుసార్లు. పెరట్లో కొళాయి కాడికి పోయి పట్టినా కూడా. నిండింది. ఎత్తి ఎండలో చూసినా. తేటగానే ఉండాది కంటికి. మూత పెట్టినా. మూత పెట్టినాక, దీంట్లో ఏముండాదో వాళ్లకు తెలుస్తాది కదా, తెలిస్తే మొదట ఏమడుగుతారు అని ఆలోచన వచ్చింది.

పారబోసినా.

వంటింట్లోకొచ్చి క్యాను వంచి నింపినా.

సురేంద్ర గడప లోపలికి కూడా రాలేదు. రైలుకు టైమయింది. గడ్డం పెరిగి, కండ్లు లోపలికి పోయి, గుర్తు పట్టలేకపోయినా. సీసా తీసుకోని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, 'అక్కా, ఇవి మన బోరు నీళ్లే కదా?' అన్నాడు. ఆ పిల్లోనికి అనుమానముండాది, చూడు. రోజూ ఆ రంగునీళ్ల పైపు తిప్పే చెయ్యి వానిదే కదా! నా కండ్లలోకి చూసి అడిగినాడు.

'అవునబ్బా, కొళాయివే. నేనే పట్టినా' అన్నా.

వాని మొగంలో భారం దిగిపోయింది. వాడు ఇన్నాళ్లూ తననే అనుమానించుకున్నాడప్పా. నేను అనేసరికి తేలికై పరిగెత్తినాడు స్టేషనుకు.

నాలుగు దినాలకు రిపోర్టు. నీళ్లలో ఏమీ లేదు. మంచి నీళ్లు. డాక్టరమ్మ, అయితే నీళ్లు కాదులే, ఇంకేదో అని మందులు మార్చింది. కావ్య ఫోన్ చేసి, 'అక్కా, మన నీళ్లు బంగారమంట' అనింది.

ఈ సీసా సంగతి మా ఆయప్పకు కూడా తెల్దు.

అట్ల చూడొద్దప్పా. చెప్తా ఉండా కదా. అంతా చెప్పేదానికే వచ్చినా.

పాప తేరుకునింది. ఆడ ఆసుపత్రి నీళ్లు కదా, నెలన్నర. తేరుకోక ఏమైతాది! వాపు దిగిందంట. నడుస్తాండాదంట. 'కట్టె మామ కావాల' అని ఏడుస్తాండాదంట. రేపు డిశ్చార్జి. రేపు సాయంత్రం నాలుగు గంటల బస్సుకు ధర్మవరం వస్తారు.

ఆయప్ప నిన్ననే అన్నాడు, వాళ్లు వచ్చేలోపల ఆ గాజుపెట్టె ఇంట్లో ఉండకూడదు అని. బిడ్డకు జబ్బు, చేపకు క్యాను నీళ్లు, రెండూ ఎవరన్నా కలిపి చూస్తారని ఆయన భయం. చేప చచ్చిందని చెప్పు అన్నాడు. నాకు చంపేదానికి చెయ్యి రాలేదు. ఒక బేసిన్లో కొళాయి నీళ్లు పట్టి దీన్ని వదిలితే రెండు దినాల్లో అదే పోతాది. తెలుసు నాకు. బేసిన్ కూడా పెట్టినా. కానీ వదల్లేకపోయినా. చేపను వదల్లేకపోయినానప్పా నేను. నవ్వు, నవ్వు నువ్వు కూడా.

ఏంది, ఫోన్ నా ముందరికి తోస్తాండావు?

నాకుండాదిలే ఫోను. కావ్య నెంబరు నోటికొచ్చు. ఈడ కూచోని చెయ్యొచ్చు, ఇప్పుడే చెయ్యొచ్చు. 'ఆ నీళ్లు తాగొద్దమ్మే, పాపకు ఇయ్యొద్దు' అంతే కదా? నాలుగు మాటలు. యూనిట్ మూతబడితే పడనీ. ఆయప్ప తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. దానికి కాదు నాకు భయం. ఆ పిల్ల ఏమీ అరవదు. మెల్లగా అడుగుతాది, 'నీకు ఎప్పటినుంచి తెలుసక్కా?' అని.

దాని గొంతులో ఆ మాట వినేదానికంటే... అంటే చూడు, నేను దేనికి ఒప్పుకుంటాండానో నాకే తెలుస్తాండాది. తెలిసే ఈడ కూచోనున్నా.

ఒక కాగితం ఇయ్యి. పెన్ను కూడా. ఇదో, నెంబరు. కావ్య అని రాసినా. నువ్వు వాళ్లకు ఎవరో తెల్దు, నిన్ను ఎప్పటినుంచి అని అడిగేవాళ్లు లేరు. చేస్తావో చెయ్యవో నీ ఇష్టం. నా పేరు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. నేను మాత్రం చెయ్యను. ఇంటికి పోతా. పోయి గుమ్మం కడిగి, వాళ్లొచ్చేతలికి హారతి పళ్లెం సిద్ధం చేసుకుంటా. అట్లాంటి దాన్ని నేను, ఏం చేస్తావు!

రైలుకు టైమయింది. వస్తానప్పా.

రేపు ఎండ ఎక్కువంట. బస్టాండు నుంచి ఇంటి దాకా నడిచే వస్తారు వాళ్లు, ఆటోకు ఇయ్యరు. గడపలో కాలు పెడతానే ఆ పాప మొదట అడిగేది నీళ్లే.